అడిగిన మనిషి పేరు

ఆ అక్టోబరులో హూసుమ్ ఊరి రేవు వీధి దుకాణాల వాళ్లందరికీ ఒకే వకీలు దగ్గర్నుంచి ఒకే రకం నోటీసులు వచ్చాయి. మీ వెబ్‌సైటులో కనిపించే అక్షరాలు, అంటే ఫాంట్లు, మీ సొంత సర్వర్ నుంచి కాక ఒక అమెరికా కంపెనీ సర్వర్ నుంచి వస్తున్నాయి. నా కక్షిదారు మీ పేజీ తెరవగానే ఆయన ఐపీ అడ్రసు ఆయన అనుమతి లేకుండా సముద్రం దాటిపోయింది. దానివల్ల ఆయన మనసు క్షోభించింది. పరిహారం కట్టండి. ఇదీ అందులోని సారాంశం. చేపలమ్మే టాడెకీ, కళ్లజోళ్లమ్మే ఊటెకీ, పక్కనున్న పూల దుకాణానికీ వచ్చిన నోటీసుల్లో క్షోభించింది ఒకే కక్షిదారు మనసు.

"నా హెరింగ్ చేపల ధర చూసి గుండె ఆగిందంటే నమ్ముతాను. అక్షరాలు చూసి బాధపడ్డాడట!" అన్నాడు టాడె, మంచుగడ్డల్ని పారతో బల్లమీద పరుస్తూ. దుకాణం ఇంకా తెరవలేదు. వీధిలోని వాళ్లంతా రబ్బరు చెప్పులతో తడి నేలమీద నిలబడి ఉన్నారు.

"వాడు అసలు హూసుమ్ ఊరి మొహం చూసుంటే కదా. కంప్యూటర్ని పెట్టి ఊళ్లన్నీ గాలిస్తున్నాడు. దొరికినవాడి దగ్గర దొరికినంత," అంది ఊటె.

"గ్రూపు పెడదాం. ఎవరికి ఏం వచ్చినా అందులో వెయ్యండి. ఒక్కరూ కట్టొద్దు. దొంగని దొంగ అనడానికి భయమేంటి?" అన్నాడు టాడె.

వీబ్కె అస్ముసెన్ తలుపు పక్కన నిలబడి వింటోంది. మద్యం, జూదం మానుకోవాలనుకునేవాళ్లకు సలహా ఇచ్చే కేంద్రం ఆమెది, అదే వీధిలో మేడమీద. ఆమెకు నోటీసు రాలేదు.

"మీకింకా రాలేదా వీబ్కె? వస్తుంది లెండి. తాగుబోతుల్ని బాగుచేసే వాళ్లని మాత్రం వదులుతాడా?" అన్నాడు టాడె. అందరూ నవ్వారు. వీబ్కె కూడా నవ్వింది.

మంగళవారం ఆమెకూ వచ్చింది.

ఒకాయన వెళ్లిపోయి ఇంకొకాయన రావడానికి మధ్య కాస్త ఖాళీ. ఆ ఖాళీలో ఆమె రోజూ చేసే పనులు కొన్ని ఉంటాయి. కిటికీ తెరిచి గది గాలి మారుస్తుంది. కుర్చీని మళ్లీ గోడవైపు జరుపుతుంది. వెనక్కి వెళ్లే మెట్ల తలుపు మూసుకుందో లేదో తోసి చూస్తుంది. వచ్చేవాళ్లు వీధి తలుపున వచ్చి, పెరటి తలుపున పోతారు. ఒకరికొకరు ఎదురుపడకూడదు. ఈ పనులన్నీ చేసి, టీ నీళ్లు మరిగేలోగా మెయిల్ తెరిచింది.

"మీ పేజీ చూశాను. తెరవగానే, పేజీలోని అక్షరాల కోసం అమెరికాలోని ఒక కంపెనీ సర్వర్‌కు కనెక్షన్ వెళ్లినట్టు నా ఫోన్‌లోని యాప్ చూపించింది..."

వీబ్కె అక్కడితో ఆపేసింది. కింద పేరు చూసింది. గేషె లోరెన్సెన్. ఈ ప్రాంతపు పేరే. ఇప్పుడు మనవాళ్ల పేర్లు కూడా వాడుకుంటున్నారన్నమాట! ఆమెకు ఒళ్లు మండింది. ఫోన్ తీసి కంప్యూటర్ తెరని ఫోటో తీసింది. గ్రూపులో పెట్టి కింద రాసింది: "మాకూ వచ్చేసింది. ఈసారి దొంగగారు మన ఊరి పేరు పెట్టుకున్నారు. ఈ పేరుగల మనిషి నిజంగా ఉంటే చెప్పండి, పూలగుత్తి పంపిస్తాను."

వీధి తలుపు గంట మోగింది. ఫోన్ సొరుగులో పడేసి, టీ కప్పు పక్కన పెట్టి, వెళ్లి తలుపు తీసింది.

వచ్చినాయన కొత్త. కోటు విప్పకుండానే కూర్చున్నాడు. చేతులు మోకాళ్ల మధ్య ఇరికించుకుని చాలాసేపు నేల చూశాడు. వీబ్కె తొందరపెట్టలేదు. ఆ మౌనం ఎంతసేపు ఉండాలో ఆమెకు తెలుసు. సొరుగులో ఫోన్ గుర్రుమంది. మళ్లీ గుర్రుమంది. ఆయన ఆ చప్పుడు వచ్చినప్పుడల్లా తలెత్తి చూశాడు.

"మీ సైట్లో చదివి వచ్చాను. రావడానికి ముందు చాలాసార్లు చదివాను," అన్నాడు చివరికి.

ఆయన పెరటి మెట్లు దిగి వెళ్లాక ఆమె సొరుగు తెరిచింది.

నవ్వు బొమ్మలు వరసగా ఉన్నాయి. పూలగుత్తిలో ముళ్లు ఎక్కువుండాలని ఎవరో రాశారు. తర్వాత పూల దుకాణం అమ్మాయి: "గేషె లోరెన్సెన్ నిజంగానే ఉంది. కేటెల్సెన్ వాళ్ల స్కూలు బస్సు నడుపుతుంది. మా ఇద్దరు పిల్లలూ ఆ బస్సులోనే." తర్వాత ఊటె: "అవును! పొడుగ్గా ఉంటుంది, పొట్టి జుట్టు." తర్వాత టాడె: "బస్సు నడిపే ఆవిడకి తాగుడు మానిపించే పేజీతో ఏం పని?"

ఆ తర్వాత ఎవరూ నవ్వు బొమ్మలు పెట్టలేదు. "కేటెల్సెన్‌కి ఎవరైనా చెప్పారా?" అని ఒకరు రాశారు. "నేను చెప్పాను," అని పూల దుకాణం అమ్మాయి.

వీబ్కె తన ఫోటోని చెరిపేసింది. "ఈ సందేశం తొలగించబడింది" అన్న బూడిదరంగు గీత మాత్రం అక్కడే నిలబడింది. దాని కింద వాళ్ల మాటలన్నీ అలాగే ఉన్నాయి.

అప్పుడామె మెయిల్ మొత్తం చదివింది. అందులో వకీలు లేడు. పరిహారం మాట లేదు. "మీ పేజీ చదివినవాళ్ల సంగతి మూడో మనిషికి తెలియకూడదు. నా వివరాల్లో ఏవేవి ఎవరికి వెళ్లాయో చెప్పండి. ఇకమీదట వెళ్లకుండా చూడండి. నా తర్వాత వచ్చేవాళ్ల కోసం అడుగుతున్నాను." కింద పేరు, ఇంటి అడ్రసు. అడగాలంటే తానెవరో చెప్పుకోక తప్పదని చెప్పుకున్న అడ్రసు.

టీ చల్లారిపోయి మీద పొర కట్టింది. ఆమె దాన్ని సింకులో పారబోసి, కప్పు కడిగి, కడిగిన కప్పునే మళ్లీ కడిగింది.

వెబ్‌సైటు చేసిపెట్టింది చెల్లెలి మొగుడు హార్క్. పడవలకు తెరచాపలు కుట్టే షెడ్డులో ఒక మూల అతని కంప్యూటర్లు ఉంటాయి. వీబ్కె వెళ్లేసరికి పెద్ద గుడ్డని నేలమీద పరిచి మోకాళ్లమీద పాకుతూ గీత గీస్తున్నాడు.

"అక్షరాలా? అదా? ఐదు నిమిషాల పని. ఫైళ్లు దించి మన సర్వర్లో పెట్టాలి, అంతే," అన్నాడు తలెత్తకుండా.

"ఐదు నిమిషాల పనైతే ఇన్నాళ్లూ ఎందుకు చెయ్యలేదు?"

"ఎవరూ అడగలేదు కదా."

"నీకు తెలుసా, తెలీదా?"

హార్క్ సుద్దముక్క పక్కన పెట్టాడు. "ఇలా పంపడం తప్పని జనవరిలో కోర్టు తీర్పు వచ్చినప్పుడు చదివాను. అందరూ చదివారు. ఎవడు పట్టించుకున్నాడు? వీబ్కె, నీకు ఊరికే చేసిపెట్టాను. డబ్బు తీసుకున్నవాణ్ణి నిలదీసినట్టు నిలదీయకు."

"ఊరికే చేశావని, మా దగ్గరకొచ్చేవాళ్ల అడ్రసులు కూడా ఊరికే పంచిపెట్టావా?"

"అడ్రసులు కాదు, నంబర్లు. దాంతో ఎవడూ ఎవర్నీ పట్టుకోలేడు."

"ఎవరు ఏ పేజీ చదివారో వాళ్లకి చేరిందా, లేదా?"

"ఏ సైటు నుంచి వచ్చిందో తెలుస్తుంది," అన్నాడు. "అయినా ఆ అమెరికా వాళ్లకి మీ తాగుబోతులతో ఏం పని? నువ్వు గ్రూపులో పెట్టినదానికన్నా వాళ్లు చేసింది పెద్దదా?"

షెడ్డు రేకుమీద గాలి కొడుతోంది. హార్క్ లేచి, మోకాళ్ల దుమ్ము దులుపుకుని, కుర్చీలో కూర్చున్నాడు. అతను చెప్పిన ఐదు నిమిషాలకన్నా కాస్త ఎక్కువే పట్టింది. అయ్యాక తెర ఆమె వైపు తిప్పాడు. పేజీ ముందెలా ఉందో అలాగే ఉంది. అవే అక్షరాలు. గీతలో కూడా తేడా లేదు.

"చూశావా? దీనికోసమా ఇంత గొడవ!"

మర్నాడు పొద్దున్నే ఆమె రాష్ట్ర సమాచార రక్షణ కార్యాలయానికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పింది. అటువైపు మగ గొంతు, విసుగూ లేదు, దయా లేదు.

"సైటు ఎవరిది?"

"మాది. కానీ చేసిపెట్టింది..."

"మీదైతే బాధ్యత మీదే. చేసిపెట్టినవాళ్లనో, అక్షరాలు పంపేవాళ్లనో చూపించి తప్పుకోవడం కుదరదు. ఆ మెయిల్ ఫోటో పెట్టింది ఎవరు?"

"నేను."

"అది ఇంకో కేసు. మూడు రోజుల్లోగా దాని గురించి మాకు రాసి పంపాలి. ఒకరోజు అయిపోయినట్టుంది."

ఫోన్ పెట్టీపెట్టగానే మళ్లీ మోగింది. బస్సుల యజమాని కేటెల్సెన్.

"అస్ముసెన్ గారూ, ఎక్కువ సమయం తీసుకోను. లోరెన్సెన్ మీ దగ్గరికి వస్తుందా, రాదా? అవును, కాదు, ఒక్క మాట చాలు."

"మా దగ్గరికి ఎవరొస్తారో, ఎవరు రారో మేం ఎవరికీ చెప్పం."

"గ్రూపులో చెప్పారు కదా!"

వీబ్కె ఫోన్‌ని రెండో చెవికి మార్చుకుంది. గేషె లోరెన్సెన్ ఈ గడప ఎప్పుడూ తొక్కలేదు. ఆ సంగతి చెబితే సరిపోతుంది. కానీ ఒకరి గురించి కాదు అని చెబితే, ఇంకొకరి గురించి చెప్పనన్నప్పుడు అది అవును అయిపోతుంది. ఈ ఉద్యోగంలో చేరిన కొత్తవాళ్లకు ఆమె మొట్టమొదట నేర్పే పాఠమే అది.

"నేను చేసింది తప్పు, కేటెల్సెన్ గారూ. ఆమె ఏ తప్పూ చెయ్యలేదు."

"తప్పెవరిదని నేనడిగానా? బస్సు నిండా పిల్లలుంటారండీ నాకు. నిన్నటినుంచి తల్లులు ఫోన్ల మీద ఫోన్లు. ఆమెని బస్సు దింపేశాను. గరాజీలో సీట్లు తుడుస్తోంది. మీరు ఒక్క మాట చెబితే ఇవాళే ఎక్కిస్తాను. చెప్పకపోతే నేనేం అనుకోవాలి?"

"ఏమీ అనుకోకండి."

"అనుకోకుండా ఉండటానికి నేనేమైనా రాయినా?" అని ఆయన పెట్టేశాడు.

గేషె లోరెన్సెన్ ఆ మధ్యాహ్నమే వచ్చింది. పెరటి తలుపు కాదు, వీధి తలుపు. రేవు వీధి అంతా చూస్తుండగా, కంపెనీ పేరున్న నీలం జాకెట్టు వేసుకుని, గంట కొట్టి నిలబడింది. ఎదురుగా కళ్లజోళ్ల దుకాణంలో ఊటె తుడుస్తున్న అద్దాన్ని తుడుస్తూనే ఉండిపోయింది.

పైకొచ్చాక కూర్చోమంటే కూర్చోలేదు.

"లోరెన్సెన్ గారూ, ముందుగా నన్ను క్షమించమని..."

"అది తర్వాత. నేనొక ప్రశ్న అడిగాను. జవాబు రాలేదు."

"మీకు రాద్దామనే..."

"రాయండి. ఇక్కడే, నేను చూస్తుండగా."

వీబ్కె కంప్యూటర్ ముందు కూర్చుంది. తన గదిలో తానే ఇలా, వీపు వెనక ఒక మనిషి నిలబడి ఉండగా కూర్చోవడం ఆమెకిదే మొదలు. ఏ వివరం, ఏ కంపెనీకి, ఏ కారణంగా వెళ్లిందో, ఎప్పుడు ఆపించారో రాసింది. తర్వాత గ్రూపు సంగతి. వేళ్లు ఆగుతూ ఆగుతూ కదిలాయి. గేషె వంగి చదివింది. ఆమె చేతుల్నుంచి సీట్లు తుడిచే మందు వాసన వస్తోంది.

"ఇక్కడ 'పొరపాటున' అని ఉంది. తీసెయ్యండి."

"నిజంగా పొరపాటేనండీ. నోటీసులు పంపే ఆ దొంగలనుకుని..."

"చెయ్యి జారి బటన్ నొక్కితే పొరపాటు. మీరు ఫోటో తీశారు. కింద నాలుగు ముక్కలు రాశారు. పూలగుత్తి అని వెటకారం కూడా ఆడారు. నా పేరు మీద వేలు అడ్డం పెట్టడానికి ఎంతసేపు పడుతుంది? పెట్టలేదు. పొరపాటు ఎక్కడుంది ఇందులో?"

వీబ్కె ఆ మాట తీసేసింది. వాక్యం పొట్టిదైపోయింది. 'మీ మెయిల్ పూర్తిగా చదవకుండా, మీ పేరుతో సహా, నేను బయటపెట్టాను.'

"ఊఁ. ఇప్పుడు సంతకం."

కాగితం ప్రింటర్లోంచి వస్తుంటే వీబ్కె మెల్లగా అంది: "కేటెల్సెన్ గారు ఫోన్ చేశారు. మీరు మా దగ్గరికి రారని నేను చెప్పలేను. కానీ మీరు ఒప్పుకుంటే, మీ అనుమతితో..."

"నాకొక్కదానికి రాసిస్తారు. రేపు నా తోటి డ్రైవర్ గురించి అడుగుతారు. అప్పుడు రాసివ్వకపోతే?"

వీబ్కె కాగితం తీసి సంతకం పెట్టింది.

"పోనీ, ఎవరి కోసం చదివారో మీరే ఆయనకి చెబితే..."

ఆ మాట నోటినుంచి వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకోలేకపోయింది.

"రోజంతా జనం రహస్యాలు వినే మనిషి మీరు. నన్ను ఈ మాట అడుగుతున్నారా? ఎవరి కోసమో చెబితే, ఆ మనిషిని కూడా మీ చేపల దుకాణంలో నిలబెట్టి నవ్వుతారు. చెప్పను. నా కోసమే అయినా చెప్పను. రోజూ పొద్దున బస్సు తాళం తిప్పేముందు, తాగలేదని తేలడానికి గొట్టంలో ఊదుతాను. కావాలంటే కేటెల్సెన్‌ని పక్కన నిలబెట్టుకుని ఊదుతాను. అది ఆయన అడగొచ్చు, పిల్లలున్నారు కాబట్టి. నేను ఇంట్లో కూర్చుని ఏం చదివానో అడక్కూడదు. ఇదే చెప్పాను ఆయనకి. ఈ కాగితం కూడా చూపిస్తాను."

"గ్రూపులో ఏం రాయమంటారు?"

"నా గురించి ఏమీ రాయొద్దు. మీ గురించి రాయండి."

"వాళ్లు అడుగుతారు, ఆ పేజీతో మీకేం పని అని."

"అడిగినవాళ్లని, నిన్నటినుంచి వాళ్లు ఫోన్లో ఏమేం చూశారో ముందు గ్రూపులో పెట్టమనండి."

గేషె కాగితాన్ని మడిచి జాకెట్టు లోపలి జేబులో పెట్టుకుంది. వెళ్తూ వీబ్కె చాచిన చేతిని చూసింది. అందుకోలేదు. కోపంగా కూడా కాదు, ఆ చెయ్యి తనకోసం కాదన్నట్టు పక్కనుంచి వెళ్లిపోయింది. మళ్లీ వీధి తలుపు వైపే దిగింది.

వీబ్కె గ్రూపులో రాసింది: "మంగళవారం నేను పెట్టింది తప్పు. మాకు వచ్చింది మోసగాళ్ల నోటీసు కాదు. మా సైటు నిజంగానే దాన్ని తెరిచినవాళ్ల వివరాలు బయటికి పంపింది. ఒకరు అడిగారు, అడిగే హక్కు వాళ్లది. జవాబు చెప్పాల్సిన నేను వాళ్ల పేరు నలుగురిలో పెట్టి నవ్వించాను. రాష్ట్ర కార్యాలయానికి నా పేరుమీద రాసి పంపాను. ఎవరు ఏ పేజీ ఎందుకు చదివారన్నది ఎవరూ ఎవర్నీ అడక్కండి."

తర్వాత టాడె: "అయితే ఆ వకీలుకి కట్టమంటావా ఇప్పుడు?" ఊటె: "అది వేరు, ఇది వేరు." టాడె: "మన మనిషే మనకి శత్రువైతే ఏం చేస్తాం." తర్వాత వీబ్కెని చేపల దుకాణంలో ఎవరూ టీకి పిలవలేదు. హార్క్ ఆదివారం భోజనానికి రాలేదు, చెల్లెల్ని ఒక్కదాన్నే పంపించాడు.

మరుసటి వారం గేషె మళ్లీ బస్సెక్కింది. ఆ కాగితం చూసి కేటెల్సెన్ చాలాసేపు సణిగాడని, రోజూ పొద్దున్నే తనే వచ్చి గొట్టం దగ్గర నిలబడుతున్నాడని వీధిలో చెప్పుకున్నారు. పూల దుకాణం అమ్మాయి మాత్రం పిల్లల్ని తన కారులోనే దింపుతోంది. "ఏం, నా పిల్లలు, నా ఇష్టం," అంది ఎవరూ అడక్కుండానే.

ఆ శుక్రవారం వీబ్కె ఫోన్‌కి ఒక సందేశం వచ్చింది. గ్రూపులోకి కాదు, ఆమె ఒక్కదానికే. పంపింది ఆ రోజు నవ్వు బొమ్మలు పెట్టినవాళ్లలో ఒకరు. ఎవరన్నది ఇక్కడ అక్కర్లేదు.

"మీ పేజీ ఇప్పుడు తెరిస్తే ఎక్కడికైనా వెళ్తుందా?"

వీబ్కె "వెళ్లదు, అన్నీ సరిచేశాం" అని కొట్టింది. పంపబోయి ఆగింది. తనకెలా తెలుసు? కోటు వేసుకుని షెడ్డుకి వెళ్లింది. హార్క్ ఆమెని చూసి తెరచాప మీదకి ఇంకా వంగాడు.

"మన సైట్లో బయటినుంచి వచ్చేవి ఇంకేమున్నాయి?"

"అక్షరాల గురించే కదా అడిగావు. తీసేశాను కదా."

"ఇప్పుడు మిగతావాటి గురించి అడుగుతున్నాను."

హార్క్ సూది గుడ్డలో గుచ్చి వదిలేశాడు. "మ్యాపు ఉంది. మొదటి పేజీలో ఆ వీడియో ఉంది."

"అవి తెరిస్తే?"

అతను లేచి వెళ్లి కంప్యూటర్ ఆన్ చేశాడు. వీబ్కె పక్కన ఇంకో స్టూలు లాక్కుని కూర్చుంది. మ్యాపు తీసేశారు, దాని చోట దారి మాటల్లో రాశారు: స్టేషన్ దగ్గర్నుంచి ఎటు తిరగాలి, ఏ తలుపు, ఎన్నో అంతస్తు. వీడియో తీసేశారు. ఒక్కొక్కటి తీసినప్పుడల్లా, పేజీ మళ్లీ తెరిచి ఏ సర్వర్‌కి కనెక్షన్ వెళ్తోందో ఆమె తన కళ్లతో చూసింది. ఎలా చూడాలో హార్క్ ఒకసారి విసుక్కుంటూ నేర్పాడు, రెండోసారి విసుక్కోలేదు. పేజీ ఇప్పుడు బోసిగా ఉంది.

షెడ్డు బయట గాలిలో నిలబడి ఆమె జవాబు రాసింది.

"ఇందాక మీరు అడిగినప్పుడు తెరిచి ఉంటే వెళ్లేది. ఇప్పుడు మా వైపు నుంచి బయటివాళ్లెవరికీ వెళ్లదు. నేనే కూర్చుని చూశాను."

చదివినట్టు గుర్తు వెంటనే పడింది. జవాబు రాలేదు. ఆమె కాసేపు చూసి, ఆ సందేశాల్ని, వాటితోపాటు ఆ పేరునీ ఫోన్‌లోంచి తీసేసింది.